లోపలి చక్రం ఖాళీగా తిరిగిపోతుంటే: ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకు ఎల్‌ఎస్‌డీ

1980లు, 90ల నాటి చురుకైన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లను ఇంకా ఇష్టంగా నడుపుతున్న పాఠకుల నుంచి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ) మీద ప్రశ్నలు వరుసగా వస్తున్నాయి. ఒకదానితో ఒకటి ముడిపడినవి కాబట్టి అన్నిటికీ ఈ సంచికలోనే జవాబులు ఇస్తున్నాం. డిఫరెన్షియల్ (డిఫ్) అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, వాటిని వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక. ఒక చక్రం ఖాళీగా తిరిగిపోకుండా అదుపు చేసే డిఫ్ ఎల్‌ఎస్‌డీ. హెలికల్, ప్లేట్ టైప్, విస్కస్ అందులో రకాలు. డిఫ్ మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం దించి విప్పాలి. అందుకే ఆలోచన అంతా కొనకముందే జరగాలి.

ప్రశ్న: నాది 90ల నాటి 1.8 లీటర్ల హ్యాచ్‌బ్యాక్. ఎక్కువగా రోడ్డు మీదే తిరుగుతుంది, అప్పుడప్పుడు ట్రాక్‌కి తీసుకెళ్తాను. సెకండ్ గేర్ మలుపులో యాక్సిలరేటర్ తొక్కగానే లోపలి ముందు చక్రం గిర్రున తిరుగుతుంది, కారు మలుపు బయటికి జారుకుంటుంది. హెలికల్ కొనాలా, ప్లేట్ టైప్ కొనాలా? వాడిన విస్కస్ డిఫ్ కూడా ఒకటి తక్కువలో దొరుకుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: మీ వాడకానికి హెలికల్. ఎందుకో అంకెలు వేసి చూస్తే, ప్లేట్ టైప్ ఎవరికి కావాలో కూడా తేలిపోతుంది.

మామూలు ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. మీ ఇంజన్ 170 న్యూటన్ మీటర్లు ఇస్తోంది, సెకండ్ గేర్ రేషియో 1.95, ఫైనల్ డ్రైవ్ 4.4 అనుకుందాం. మూడూ గుణిస్తే డిఫ్ దగ్గరికి దాదాపు 1,460 న్యూటన్ మీటర్లు వస్తాయి. మలుపులో బరువు బయటి చక్రం మీదికి వాలిపోవడంతో లోపలి టైరు 400కి మించి మోయలేకపోతోందనుకోండి. అప్పుడు బయటి చక్రానికీ అదే 400 అందుతుంది. మొత్తం 800. బయటి టైరుకు ఇంకా బోలెడు పట్టు మిగిలి ఉన్నా వాడుకునే దారి లేదు. మీరు ఇంకాస్త తొక్కితే లోపలి చక్రం మరింత వేగంగా తిరుగుతుంది, అంతే.

హెలికల్ డిఫ్ లోపల బెవెల్ గేర్లకు బదులు ఏటవాలు పళ్లున్న చిన్న గేర్లు జతలుగా ఉంటాయి. లోడ్ పడగానే అవి పక్కకు, బయటికి తోసుకుని కేసింగ్‌కు ఒరుసుకుంటాయి. ఆ రాపిడే పట్టున్న వైపుకు ఎక్కువ టార్క్ మళ్లిస్తుంది. ఎన్ని రెట్లు మళ్లించగలదో చెప్పే అంకెను టార్క్ బయాస్ రేషియో అంటారు. సాధారణంగా అది సుమారు 2 నుంచి 3 మధ్య ఉంటుంది. 2.5 అనుకుంటే, లోపలి టైరు 400 మోస్తున్నప్పుడు బయటి టైరుకు 1,000 దాకా వెళ్తుంది. మొత్తం 1,400, అంటే ఇంజన్ ఇచ్చేదంతా దాదాపుగా రోడ్డు మీదికి చేరినట్టే. బయటి చక్రం ఎక్కువగా తోస్తుంది కాబట్టి కారు ముక్కు కూడా మలుపు లోపలికి తిరుగుతుంది. హెలికల్ వేసిన కారులో మొదట తెలిసే తేడా ఇదే.

ఇప్పుడు అదే లోపలి టైరు నేల మీద సగం తేలి, 100 మాత్రమే మోయగలిగే స్థితి చూద్దాం. ఓపెన్ డిఫ్ మొత్తం 200 ఇస్తుంది. హెలికల్ 100, 250 కలిపి 350 ఇస్తుంది. చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే సున్నాని 2.5తో గుణించినా సున్నాయే. అప్పుడు హెలికల్ డిఫ్ కూడా ఓపెన్ డిఫ్‌లాగే ప్రవర్తిస్తుంది. లోపల స్ప్రింగ్ వాషర్లతో కొద్దిగా ప్రీలోడ్ (లోడ్ లేనప్పుడు కూడా ఉండే బిగువు) పెట్టిన రకాలకు ఈ లోపం కొంత తగ్గుతుంది కానీ పోదు.

ప్లేట్ టైప్ బలం ఇక్కడే. ఇందులో రాపిడి ప్లేట్లను రెండు బలాలు నొక్కుతాయి: స్ప్రింగులు ఎప్పుడూ ఇచ్చే ప్రీలోడ్ ఒకటి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు డిఫ్ మధ్యలో అడ్డంగా ఉండే క్రాస్ పిన్ ర్యాంపుల (ఏటవాలు గాడుల) మీదికి ఎక్కి ఇచ్చే ఒత్తిడి రెండోది. లాకింగ్ (మొత్తం టార్క్‌లో రెండు చక్రాల మధ్య నిలవగల తేడా) 60 శాతం, ప్రీలోడ్ వల్ల రెండు చక్రాల మధ్య నిలిచే తేడా 80 న్యూటన్ మీటర్లు అనుకుంటే, లోపలి టైరు 100 మోసేటప్పుడు బయటిదానికి 600 వెళ్తుంది. మొత్తం 700, హెలికల్ ఇచ్చినదానికి రెట్టింపు. లోపలి చక్రం పూర్తిగా లేచినా 200 న్యూటన్ మీటర్లు అవతలి చక్రానికి చేరతాయి. ఈ లాభానికి బదులుగా శబ్దం, స్టీరింగ్ బరువు, ప్లేట్ల అరుగుదల, కొన్నాళ్లకోసారి విప్పి సరిచేయడం భరించాలి. హెలికల్ డిఫ్‌లో అరిగే ప్లేట్లంటూ లేవు. శుభ్రమైన ఆయిల్ ఉంటే గేర్‌బాక్స్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

కాబట్టి నిర్ణయించేది ఇంజన్ హార్స్‌పవర్ కాదు, లోపలి ముందు చక్రం నేలను ఎంత వదులుతోందన్నది. ట్రాక్‌లో మీ కారు బిగుతైన మలుపు తిరుగుతుండగా బయట నిలబడిన వారితో పక్క నుంచి నాలుగు ఫొటోలు తీయించండి. వెనక లోపలి చక్రం లేస్తే ఫర్వాలేదు, ఈ కార్ల తీరే అంత. ముందు చక్రం కింద వెలుతురు కనిపిస్తే మాత్రం ముందు సస్పెన్షన్ సంగతి చూడాలి.

కంపెనీలు తమ రోడ్డు కార్లకు ఏది ఎంచుకున్నాయో కూడా గమనించండి. 1995 నాటి హోండా ఇంటెగ్రా టైప్ ఆర్, 2002 ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్, ఆ తర్వాత ఆల్ఫా 147 క్యూ2, అన్నీ హెలికల్ జాతివే.

విస్కస్ డిఫ్ వద్దు. 1985 ఫోర్డ్ ఎస్కార్ట్ ఆర్ఎస్ టర్బోలో, తర్వాత ఫియట్ కూపే టర్బోలో అది ఉండేది. అప్పటికి మంచిదే. సిలికాన్ ద్రవంలో మునిగిన చిల్లుల ప్లేట్లు రెండు చక్రాల వేగంలో తేడా వచ్చాకే బిగుసుకుంటాయి. అంటే మొదట చక్రం జారాలి, కాసేపటికి డిఫ్ పట్టాలి. ఆ ఆలస్యం మలుపు మధ్యలో స్టీరింగ్‌ను హఠాత్తుగా లాగుతుంది. పైగా ఆ ద్రవం ఏళ్ల వేడికి పాడైపోతుంది, సీళ్ల గుండా కారిపోతుంది. పాతది కొంటే పని చేసేదో కాదో గేర్‌బాక్స్‌లో వేశాక గానీ సరిగ్గా తెలియదు.

ప్రశ్న: యాక్సిలరేటర్ తొక్కితే నా కారు స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. ఎల్‌ఎస్‌డీ వేస్తే తగ్గుతుందా?

జవాబు: పెరుగుతుంది. ఓపెన్ డిఫ్‌లో రెండు వైపులా టార్క్ సమానం కాబట్టి లాగుడు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఎల్‌ఎస్‌డీ పనే ఆ సమానత్వాన్ని పోగొట్టడం. ఒక చక్రానికి 1,000, రెండోదానికి 400 వెళ్తున్నప్పుడు ఆ తేడా మీ చేతుల్లో తెలుస్తుంది.

అందుకే డిఫ్ కన్నా ముందు ఈ క్రమంలో చూడండి. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లు మొదట. కారు స్టాండ్ల మీద ఉండగా ఆర్మ్ దగ్గర పొడవాటి రాడ్ పెట్టి ముందుకు వెనక్కు ఎత్తి చూస్తే, పగిలిన రబ్బరు వెంటనే నోరు తెరుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఆ బుష్ మీద చక్రం ముందుకు జరిగి టో (చక్రాలు ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది, లాగుడులో పెద్ద భాగం అదే. తర్వాత బాల్ జాయింట్లు, స్టీరింగ్ ర్యాక్ చివర్లు, ఇంజన్ మౌంట్లు. ఇంజన్ ఒరిగితే డ్రైవ్‌షాఫ్ట్ కోణాలు రెండు పక్కలా వేరువేరుగా మారతాయి.

చక్రాల విషయం చాలామంది పట్టించుకోరు. కంపెనీ ఇచ్చినదానికన్నా తక్కువ ఆఫ్‌సెట్ (హబ్‌కు బిగిసే ముఖం చక్రం మధ్యగీత నుంచి ఉండే దూరం) చక్రాలు గానీ, స్పేసర్లు గానీ వేస్తే టైరు మధ్యగీత స్టీరింగ్ తిరిగే అక్షం నుంచి బయటికి జరుగుతుంది. చక్రం తోసే బలానికి అంత పొడుగు మీట దొరికినట్టే. ఎల్‌ఎస్‌డీ వేసే కారులో ముందు స్పేసర్లు తీసేయడం మంచిది. ముందు టో సున్నా దగ్గర పెట్టించండి. రెండు ముందు టైర్లు ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలవి ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే చుట్టుకొలతలు వేరై, తిన్నని రోడ్డు మీద కూడా డిఫ్ పని చేస్తూనే ఉంటుంది. ప్లేట్ టైప్‌లో ఇది నేరుగా ప్లేట్ల అరుగుదల.

ఇవన్నీ సరిచేశాక కొందరికి ఎల్‌ఎస్‌డీ అవసరమే అనిపించదు. అదీ మంచి ఫలితమే.

ప్రశ్న: నా కారు ట్రాక్‌కే పరిమితం. ప్లేట్ టైప్ అని నిర్ణయించుకున్నాను. వన్ వే, వన్ పాయింట్ ఫైవ్ వే, టూ వే అంటున్నారు. ర్యాంప్ కోణం, ప్రీలోడ్ ఎంత అడగాలి?

జవాబు: వన్ వే అంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే ర్యాంపులు బిగుస్తాయి. పాదం తీస్తే ప్రీలోడ్ ఒక్కటే మిగులుతుంది. టూ వేలో తొక్కినా తీసినా సమానంగా బిగుస్తుంది. వన్ పాయింట్ ఫైవ్‌లో పాదం తీసినప్పుడు కాస్త తక్కువగా బిగుస్తుంది.

ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు టూ వే అడగకండి. మలుపు మొదట్లో పాదం తీసి స్టీరింగ్ తిప్పుతున్న క్షణంలో ముందు చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరగాలని డిఫ్ పట్టుబడుతుంది, కారు తిన్నగా పోవాలని చూస్తుంది. వన్ వే గానీ, మెత్తని వన్ పాయింట్ ఫైవ్ గానీ తీసుకోండి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వెనక భాగం ఊగులాడే తేలికపాటి కారైతే వన్ పాయింట్ ఫైవ్ ఇచ్చే కొద్దిపాటి స్థిరత్వం ఉపయోగపడుతుంది.

ర్యాంప్ కోణాల్లో ఒక ప్రమాదం ఉంది. ఒకరు కోణాన్ని షాఫ్ట్ అక్షం నుంచి కొలిస్తే, ఇంకొకరు దానికి అడ్డంగా కొలుస్తారు. ఒకరి 30 ఇంకొకరికి 60 అవుతుంది. కాబట్టి అంకె చెప్పి ఆర్డర్ ఇవ్వకుండా, "డ్రైవ్ వైపు (తొక్కినప్పుడు) గట్టిగా, కోస్ట్ వైపు (పాదం తీసినప్పుడు) మెత్తగా" అని రాతపూర్వకంగా చెప్పి, తయారీదారు దానికి ఏ కోణం వాడుతున్నారో తెలుసుకుని నోట్ చేసుకోండి. తర్వాత మార్చాలన్నప్పుడు ఆ నోటే ఆధారం.

ప్రీలోడ్ తక్కువతో మొదలుపెట్టండి. టార్క్ రెంచ్ మీద 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు మంచి ఆరంభం. 100 దాటితే నెమ్మదైన హెయిర్‌పిన్‌లలో కారు తిరగనంటుంది, పార్కింగ్‌లో టైర్లు చిన్నగా ఎగిరెగిరి పడతాయి. చాలా డిఫ్‌లలో రాపిడి ప్లేట్ల వరుస మార్చి కూడా లాకింగ్ తగ్గించవచ్చు. ఎదురెదురుగా ఉండాల్సిన రెండు రకాల ప్లేట్లలో ఒకే రకానివి పక్కపక్కన పెడితే రాసుకునే ముఖాల సంఖ్య తగ్గుతుంది. ప్లేట్లు తీసే ముందు వరుసను ఫొటో తీసుకోవడం మరవకండి.

కారులో ఉండగా ప్రీలోడ్ కొలవాలంటే ఒక ముందు చక్రం మాత్రమే లేపండి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి, వెనక చక్రాలకు అడ్డు వేయండి. లేచిన చక్రం హబ్ నట్ మీద డయల్ టార్క్ రెంచ్ పెట్టి బిగించే దిశలో మెల్లగా తిప్పండి. చక్రం కదలడం మొదలయ్యే దగ్గర చూపించే అంకె రాసుకోండి. కొత్తగా ఉన్నప్పుడు ఒకసారి కొలిచి పెట్టుకుంటే, తర్వాత అది సగానికి పడిపోయిన రోజున ప్లేట్లు మార్చే వేళ అయిందని తెలుస్తుంది.

ప్రశ్న: "ఇందులో ఎల్‌ఎస్‌డీ ఉంది" అని ఒక పాత గేర్‌బాక్స్ అమ్ముతున్నారు. విప్పకుండా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: కారులోనే ఉంటే ముందు చక్రాలు రెండూ లేపి, న్యూట్రల్‌లో ఒకదాన్ని చేత్తో తిప్పమని అందరూ చెబుతారు. రెండోది కూడా అదే దిశలో తిరిగితే ఏదో ఒక ఎల్‌ఎస్‌డీ ఉన్నట్టే. ఎదురు దిశలో తిరిగితే మాత్రం ఓపెన్ అని తీర్మానించకండి. ప్రీలోడ్ లేని హెలికల్ కూడా అలాగే తిరుగుతుంది. మంచి హెలికల్ గేర్‌బాక్సులను ఈ పరీక్ష నమ్మి వదిలేసుకుంటారు.

విడిగా ఉన్న గేర్‌బాక్స్ అయితే ఇంకా తేలిక. డ్రైవ్‌షాఫ్ట్ దూరే రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి. ఓపెన్ డిఫ్‌లో నట్టనడుమ అడ్డంగా గుండ్రటి ఉక్కు పిన్ను కనిపిస్తుంది. ప్లేట్ టైప్‌లోనూ చాలావాటికి పిన్నులు ఉంటాయి, కానీ ఇరువైపులా డ్రైవ్‌షాఫ్ట్ లాంటిది పెట్టి తిప్పితే గట్టిగా బిగుసుకుని ఉంటుంది. హెలికల్‌లో అడ్డంగా పిన్ను ఉండదు.

విస్కస్‌ను గుర్తుపట్టడానికి ఒక చక్రం లేపి, న్యూట్రల్‌లో తిప్పి చూడండి. మెల్లగా తోస్తే మెల్లగా కదులుతుంది, గట్టిగా తోస్తే గట్టిగా ఎదురు తిరుగుతుంది. అసలు ఎదురే లేకపోతే ద్రవం పోయినట్టు.

ప్రశ్న: గోల్ఫ్ మార్క్ 2 జీటీఐలో 020 గేర్‌బాక్స్ ఉంది. హెలికల్ డిఫ్ తెప్పించాను. క్రౌన్ వీల్ (డిఫ్‌ను తిప్పే పెద్ద గేరు) రివెట్లతో బిగించి ఉంది. వర్క్‌షాప్ వాళ్లకు ఏ పని ఎలా చెప్పాలి?

జవాబు: ఆ రివెట్లు పోతున్నందుకైనా ఈ పని చేయించాల్సిందే. 020 గేర్‌బాక్స్‌లో రివెట్ వదులై, తల ఊడి, కేసింగ్‌కు చిల్లు పెట్టడం బాగా తెలిసిన జబ్బు. కొత్త డిఫ్‌తో క్రౌన్ వీల్ బోల్టుల మీదికి మారుతుంది, ఆ భయం తీరుతుంది.

రివెట్ తలలను డ్రిల్ చేసి, మిగిలిన ముక్కను పంచ్‌తో కొట్టి తీయాలి. డ్రిల్ పక్కకు జారి క్రౌన్ వీల్ రంధ్రం పెద్దదైతే ఆ వీల్ ఇక వృథా, కాబట్టి మధ్యలో గుర్తు కొట్టి, డ్రిల్ ప్రెస్ మీద చేయమనండి. క్రౌన్ వీల్, పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) కలిసి అరిగిన జత. రెంటినీ విడదీసి వేరే గేర్‌బాక్స్ నుంచి ఒకటి తెచ్చి వేస్తే ఏడుపు శబ్దం మొదలవుతుంది. ఇంజన్ అడ్డంగా ఉన్న ఇలాంటి కార్లలో క్రౌన్ వీల్ ఏటవాలు పళ్ల మామూలు గేరే కాబట్టి, వెనక యాక్సిల్‌లో చేసినట్టు పినియన్ లోతు సెట్ చేసే పని లేదు. సెట్ చేయాల్సింది డిఫ్ బేరింగుల బిగువు ఒక్కటే, అది మాత్రం కచ్చితంగా ఉండాలి.

క్రౌన్ వీల్‌ను 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే డిఫ్ మీదికి సాఫీగా దిగుతుంది. సుత్తితో దించితే ఒక పక్క ఎక్కి మొత్తం వంకరగా కూర్చుంటుంది. బోల్టులు కొత్తవి, థ్రెడ్ లాక్ రాసి, ఎదురెదురు క్రమంలో రెండు మూడు దఫాలుగా డిఫ్ తయారీదారు చెప్పిన టార్క్ దాకా బిగించాలి. హోండా బీ సిరీస్ గేర్‌బాక్స్ ఉన్న పాఠకులు ఇక్కడ జాగ్రత్త: వాటి క్రౌన్ వీల్ బోల్టులు ఎడమ మరవి, 101 న్యూటన్ మీటర్ల బిగువు. మామూలు దిశలో విప్పబోతే ఇంకా బిగుసుకుని తల తెగుతుంది.

తర్వాత బేరింగులు. పాతవి లాగి కొత్త డిఫ్ మీద వేయవద్దు, లాగడంలోనే దెబ్బతింటాయి. టేపర్ బేరింగుల గేర్‌బాక్స్‌లో షిమ్ (సందు సరిచేసే పలుచని రింగు) ఎలా లెక్కించాలంటే, ముందు తెలిసిన మందం ఉన్న పలుచని షిమ్ ఒకటి వేసి, ఆయిల్ సీళ్లు లేకుండా కేసింగ్ మూసి, బోల్టులు పూర్తి టార్క్‌కు బిగించాలి. డిఫ్‌ను పైకి కిందికి కదిపి డయల్ గేజ్‌తో ఆట (వదులు) కొలవాలి. ఉదాహరణకు వేసిన షిమ్ 0.60 మిల్లీమీటర్లు, కొలిచిన ఆట 0.42, మీ గేర్‌బాక్స్ మాన్యువల్ అడిగే బేరింగ్ ప్రీలోడ్ 0.20 అనుకుంటే, కావాల్సిన షిమ్ 1.22. కొలిచేముందు డిఫ్‌ను అయిదారు చుట్లు తిప్పాలి, లేకపోతే రోలర్లు సర్దుకోక తప్పు అంకె వస్తుంది. పాత షిమ్మే మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి. కొత్త డిఫ్ ఎత్తు పాతదానితో వెంట్రుకవాసి తేడా ఉన్నా లెక్క మారుతుంది. బిగువు ఎక్కువైతే బేరింగ్ కాలిపోతుంది, తక్కువైతే క్రౌన్ వీల్ లోడ్ కింద పక్కకు జరిగి పళ్లు తింటుంది.

కేసింగ్ చివరిసారి మూసే ముందు రెండు విషయాలు చేత్తో చూడమనండి. డిఫ్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పితే కొత్త బోల్టు తలలు కేసింగ్‌కు ఎక్కడా తగలకూడదు. డ్రైవ్‌షాఫ్ట్ చివరలు గానీ, ఫ్లాంజిలు గానీ స్ప్లైన్లలోకి పూర్తి లోతు దిగి, క్లిప్ పడిన చప్పుడు వినిపించాలి. సగం దిగిన స్ప్లైన్ కొన్నాళ్లకు పళ్లు ఊడ్చుకుంటుంది. స్పీడోమీటర్ గేరు డిఫ్ మీదే ఉండే గేర్‌బాక్సుల్లో దాన్ని కొత్త డిఫ్‌కు మార్చారో లేదో కూడా అడగండి. ప్లాస్టిక్‌దైతే పాతది పగిలే అవకాశం ఎక్కువ, కొత్తది ముందే తెచ్చిపెట్టుకోండి.

గేర్‌బాక్స్ ఎలాగూ విప్పారు కాబట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, సెకండ్ గేర్ సింక్రో రింగ్ (గేరు పడేముందు వేగాలను రాపిడితో కలిపే రింగు), డ్రైవ్‌షాఫ్ట్ ఆయిల్ సీళ్లు, క్లచ్ రిలీజ్ బేరింగ్ ఇప్పుడే మార్పించండి. ఈ వయసు గేర్‌బాక్స్‌లో వీటిని వదిలేయడం పొదుపు అనిపించుకోదు.

ప్రశ్న: ఎల్‌ఎస్‌డీ వేశాక ఏ ఆయిల్ పోయాలి?

జవాబు: వెనక చక్రాలను ఇంజన్ నడిపే కారులో డిఫ్‌కు దాని ఆయిల్ దానికుంటుంది. మన కార్లలో గేర్‌బాక్స్, డిఫ్ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. సింక్రో రింగుకు రాపిడి కావాలి, లేకపోతే గేరు పడేటప్పుడు కరకరమంటుంది. ప్లేట్ డిఫ్‌కు రాపిడిని నునుపు చేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ కావాలి, లేకపోతే మలుపుల్లో టకటక కొడుతుంది. రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు.

హెలికల్ వేసినవారికి ఈ తగువు లేదు. మీ గేర్‌బాక్స్‌కు కంపెనీ చెప్పిన ఆయిలే పోయండి. "ఎల్‌ఎస్‌డీ ఉంది కదా" అని ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపకండి. హెలికల్ పని చేసేదే రాపిడి మీద, దాన్ని తగ్గిస్తే బయాస్ తగ్గుతుంది.

ప్లేట్ వేసినవారు డిఫ్ తయారీదారు చెప్పిన ఆయిల్‌కే కట్టుబడాలి, గేర్లు కాస్త మొరాయించినా సర్దుకోవాలి. జీఎల్-5 (గేర్ ఆయిల్ శ్రేణి) అని రాసి ఉన్న ప్రతిదీ పోసేయకండి. పాత గేర్‌బాక్సులు చాలావరకు జీఎల్-4 కోసం చేసినవి. జీఎల్-5లోని గంధకం, భాస్వరం కలిపిన రసాయనాలు కొన్ని రకాల్లో ఇత్తడి సింక్రోలను తినేస్తాయి. ఇత్తడికి హాని చేయదని డబ్బా మీద స్పష్టంగా రాసినదే కొనండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే. రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే కారు ఆపండి.

ప్రశ్న: హెలికల్ వేయించాను. మామూలు మలుపుల్లో అద్భుతంగా ఉంది. బిగుతైన హెయిర్‌పిన్‌లో మాత్రం లోపలి చక్రం ఇంకా తిరిగిపోతోంది. డిఫ్ పాడైందా?

జవాబు: పాడవలేదు, చక్రం లేస్తోంది. పైన చెప్పిన సున్నా లెక్క ఇదే. ముందు భాగంలో యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లావుది వేసి ఉంటే పాత సన్నది పెట్టండి. లావు బార్ లోపలి చక్రాన్ని పైకి లాగుతుంది. వెనక బార్ గట్టిది వేస్తే ఒరుగుదలను వెనక భాగం మోస్తుంది, ముందు లోపలి టైరు మీద బరువు నిలుస్తుంది. వెనక లోపలి చక్రం పూర్తిగా లేచాక మాత్రం వెనక బార్‌ను ఇంకా గట్టిపరిచి లాభం లేదు. కారును మరీ కిందికి దించి ఉంటే, చక్రం కిందికి సాగే దూరం తగ్గిందేమో చూడండి. పొట్టి స్ప్రింగులతో పాటు డంపర్ కూడా సరైన పొడుగుది ఉండాలి.

నడపడంలో ఉపాయం ఒకటుంది. హెయిర్‌పిన్ నుంచి బయటపడేటప్పుడు యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేక్ కొద్దిగా తాకించండి. గాలిలో తిరిగే చక్రానికి బ్రేక్ 100 న్యూటన్ మీటర్ల అడ్డు ఇస్తే, డిఫ్‌కు అది పట్టులాగే కనిపిస్తుంది, రెండో వైపుకు 250 పంపుతుంది. ఆ వైపు బ్రేక్ కూడా 100 తినేస్తుంది కాబట్టి మీకు మిగిలేది 150. తక్కువే అనిపించినా, సున్నా ఉన్నచోట అది చాలు. ఖాళీ ట్రాక్ మీద అలవాటు చేసుకున్నాకే వాడండి.

ప్రశ్న: ఓపెన్ డిఫ్‌లోనే గేర్ల మధ్య స్ప్రింగులు, పలకలు పెట్టే కిట్లు చవగ్గా వస్తున్నాయి. సరిపోతాయా?

జవాబు: వద్దు. టార్క్ పెరిగినా వాటి బిగువు పెరగదు, ఉన్నది స్థిరమైన ప్రీలోడ్ ఒక్కటే. అది కూడా త్వరగా అరిగి, ఆ లోహపు పొడి గేర్‌బాక్స్ బేరింగుల్లోకి చేరుతుంది. గేర్లను వెల్డింగ్ చేయించడం ఇంకా ప్రమాదం. ముందు చక్రాలతో స్టీరింగ్ కూడా తిప్పాల్సిన కారులో ఆ ఆలోచనే రానివ్వకండి.

ప్రశ్న: నా కారులో పాత తరం ఏబీఎస్ ఉంది. ఇబ్బందా?

జవాబు: హెలికల్‌తో ఇబ్బంది ఉండదు. ప్లేట్ టైప్ కోస్ట్ వైపు గట్టిగా బిగిసేదైతే, బ్రేక్ వేసినప్పుడు రెండు ముందు చక్రాలూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఏబీఎస్ ఒక్కో చక్రాన్ని విడిగా వదల్లేదు. ఏబీఎస్ ఉంచుకోవాలనుకుంటే వన్ వే, తక్కువ ప్రీలోడ్.

ప్రశ్న: కొత్త ప్లేట్ డిఫ్‌ను మొదట్లో ఎలా నడపాలి? పార్కింగ్‌లో టకటక శబ్దం వస్తోంది, భయపడాలా?

జవాబు: ప్లేట్లను బిగించే ముందు రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి ఉంటే సగం పని అయినట్టే. పొడి ప్లేట్లతో మొదటి కిలోమీటర్లు నడిపితే ముఖాలు గీసుకుపోతాయి. ఆ తర్వాత ఖాళీ స్థలంలో ఫస్ట్ గేర్‌లో, నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో, ఇంగ్లీషు 8 ఆకారంలో పది పదిహేను నిమిషాలు తిప్పండి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి వదులుతూ ఉండండి. చల్లారనిచ్చి మళ్లీ అంతే సేపు. అప్పుడు ఆయిల్ వేడిగా ఉండగానే దించేసి కొత్తది పోయండి. మొదటి ఆయిల్ నల్లగా, పొడితో నిండి వస్తుంది, అది సహజం.

ఆయిల్ వేడెక్కక ముందు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలేటప్పుడు వచ్చే టకటక ప్లేట్లు అంటుకుని వదులుతున్న చప్పుడు. వేడెక్కాక తగ్గితే వదిలేయండి. వేడెక్కాక కూడా అలాగే ఉంటే ఆయిల్ తప్పు. తిన్నని రోడ్డు మీద, వేగంతో పాటు పెరిగే గరగర అయితే అది ప్లేట్లది కాదు, బేరింగ్ బిగువుది. ఆ శబ్దంతో నడపకుండా గేర్‌బాక్స్ దించి షిమ్ కొలతలు మళ్లీ తీయించండి. శబ్దం స్టీరింగ్ తిప్పి తొక్కినప్పుడు మాత్రమే, చక్రం దగ్గర్నుంచి వస్తే బయటి సీవీ జాయింట్ (డ్రైవ్‌షాఫ్ట్‌కు చక్రం వైపు ఉండే కీలు) చూడండి. ఎల్‌ఎస్‌డీ వచ్చాక ఒకే జాయింట్ మీద మునుపటికన్నా చాలా ఎక్కువ టార్క్ పడుతుంది, అప్పటికే అరిగినవి ఇప్పుడు బయటపడతాయి.